ఎండలో పెట్టిన వీణ

ఆ రోజుల్లో ఏ విషయమైనా ఒక్క పూటలో తెలుసుకుని, మర్నాడు ఊరందరికీ బోధించగలనన్న ధీమా నాకుండేది. రాజమండ్రిలో ఓ పత్రికలో కొత్తగా చేరాను. మన దేశంలో వీణ ఎలా మారుతూ వచ్చిందో రాయమన్నారు. పూర్వం వీణ మెట్లు అటూ ఇటూ జరిగేవనీ, రాగాన్ని బట్టి వాటిని సర్దుకునేవారనీ, తంజావూరు నాయకరాజుల కాలంలో ఇరవై నాలుగు మెట్లను మైనంలో శాశ్వతంగా నిలబెట్టారనీ రాసిపడేశాను. ('శాశ్వతంగా' అన్న మాటంటే నాకప్పుడు మహా మోజు.)

ఇక ఫొటో కావాలి. మా పిన్ని వీణ వాయిస్తుంది. పెళ్లయ్యాక తన మొదటి కచేరీ ఆ సాయంత్రమే. "మూలన పడేసిన విద్య, ఇంకా వచ్చంటావా?" అని వాళ్ల అత్తగారు అప్పటికే నాలుగైదుసార్లు అడిగేశారు. ముందు వరసలో కూర్చుంటానని కూడా చెప్పారు.

"లోపల తీస్తే నల్లగా పడతాన్రా, డాబా మీద తీయించు" అంది పిన్ని. మే నెల. కొవ్వూరు నుంచి రావలసిన ఫొటోగ్రాఫర్ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. వీణని మళ్లీ కిందికి ఎవరు మోస్తారని అక్కడే వదిలేసి, ఇద్దరం మజ్జిగ తాగడానికి దిగాం. అతనొచ్చాడు, పిన్ని నవ్వింది, ఫొటో పడింది. తర్వాత తీగ మీటితే వీణ మూలిగింది. మైనం కరిగి, మెట్లు ఉయ్యాల బల్లల్లా తలో పక్కకీ ఒరిగాయి.

"మీ నాయకరాజులు నిలబెట్టిన మెట్లు ఇవేనంట్రా?" అంది పిన్ని. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. తను మాత్రం చెవి ఆనించి, మైనం మెత్తగా ఉండగానే ఒక్కో మెట్టునీ వేలితో సర్దుతూ కూర్చుంది. మైనం మళ్లీ గట్టిపడేందుకు నేను తడి తువ్వాళ్లు అందించాను. మధ్యమం, నిషాదం మెట్లు మాత్రం మాట వినలేదు. "పోన్లే, ఆ రెండూ అక్కర్లేని రాగం మోహనం ఉందిగా" అని లేచింది.

ఆ సాయంత్రమంతా మోహనమే. జనం ఇదేదో కొత్త ప్రయోగమనుకుని చప్పట్లు కొట్టారు. అత్తగారు మాత్రం, "అదొక్కటే గుర్తుందేమోనే!" అని, వీణ వంక చూస్తూ, "అయినా బావుంది. రేపు ఇంట్లో ఇంకోసారి వాయించు" అన్నారు.

ఆ పత్రిక కాగితం ఇప్పటికీ పిన్ని గదిలో అద్దం ఫ్రేములో ఉంది. ఫొటోలో ఎండకి కళ్లు చికిలించి నవ్వుతున్న పిన్ని, ఒరిగిన మెట్లు, కింద నా 'శాశ్వతంగా'. వెళ్లినప్పుడల్లా చదువుతాను. ఆ కుర్రాడి ధీమా చూస్తే ముచ్చటేస్తుంది. ఆ మాట మాత్రం మళ్లీ ఎక్కడా రాయలేకపోయాను.