క్యూబుల మాలు

అశోక్‌నగర్‌లో రెండు బ్లాకుల పెద్ద అపార్ట్‌మెంటు కడుతున్నప్పుడు నేను బిల్డరు తరఫున నాణ్యత చూసే ఇంజనీరుని. తొంభైల నాటి మాట. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో కిరాయి గది, పొద్దున్నే నడిచి సైటుకు వెళ్లేవాణ్ణి. కాంట్రాక్టరు మనుషులు సిమెంటు తగ్గించకుండా, స్లాబుకు నీళ్లు పట్టడం మానకుండా కాపలా కాయడమే నా పని. అప్పట్లో నాకు పొగరెక్కువ, నోరు ఇంకా ఎక్కువ.

కాంక్రీటు పోసే రోజు ఆ కలిపిన మాలులోంచే కొంత తీసి ఇనుప అచ్చుల్లో పోస్తారు. ఆ దిమ్మలే క్యూబులు. ఇరవై ఎనిమిది రోజులు తొట్టిలో నానబెట్టి, మిషన్ కింద పెట్టి పగలగొడతారు. ఎంత బరువు మోసి పగిలిందో చూసి స్లాబు గట్టిదో కాదో చెబుతారు. మొదట్లోనే కొన్ని పిల్లర్ల క్యూబులు ఫెయిలయ్యాయి. ఆ పిల్లర్లు కొట్టించి మళ్లీ పోయించాను. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి మా నాన్న వయసువాడు. ఆయన్ని కూలీలందరి ముందు నిలబెట్టి కడిగేశాను.

"ఇంకొక్క క్యూబు ఫెయిలైందంటే ఈ గేట్ల అడుగు పెట్టనియ్య."

"ఇంకోపారి గాదు సార్," అన్నాడాయన తల వంచుకుని.

నిజంగానే కాలేదు. ఏడాది పొడవునా ప్రతి క్యూబూ పాసయింది. పనితనం బాగుందని రెండో బ్లాకూ ఆ కాంట్రాక్టరుకే ఇచ్చారు. నారాయణగూడ హోటల్లో చాయ్ తాగుతూ తోటి ఇంజనీర్ల ముందు నా కాపలా గురించి గొప్పలు పోయాను. నల్లకుంటలో ఏళ్ల తరబడి కిరాయికుంటున్న మా అక్క ఆ ధీమాతోనే రెండో బ్లాకు పై అంతస్తులో ఫ్లాటు తీసుకుంది. "మా తమ్ముడే దగ్గరుండి చూస్తుండు, నాకేం ఫికర్," అని అందరికీ చెప్పుకునేది.

అక్క ఫ్లాటు మీది స్లాబు సగం పోశారు, మిగతా సగం వారం తర్వాత పోస్తున్నారు. మంచి ఎండాకాలం. భోజనం నుంచి తొందరగా తిరిగొచ్చాను. మిక్సర్ పక్కన రేకు మీద మేస్త్రి ఒక్కడే చేత్తో వేరే మాలు కలుపుతున్నాడు. కడిగిన కంకర, దండిగా సిమెంటు.

"ఏంది మేస్త్రి ఇది?"

"క్యూబుల మాలు సార్." ఆయన ముఖంలో దాచుకోవాలన్న ఆలోచనే లేదు. "క్యూబు ఫెయిల్ గావొద్దని మీరే అంటిరి గద. అప్పటిసంది గిట్లనే కలుపుతున్న."

పైకి పరిగెత్తాను. పోయిన వారం పోసిన సగం మీద గోనెపట్టాలు పొడిగా ఉన్నాయి. క్యూబుల తొట్టి మాత్రం నిండా ఉంది.

"స్లాబుకు నీళ్లేవి?"

"ట్యాంకర్ వస్తలేదు సార్. ఉన్నకాడికి క్యూబులకు వోసినం."

ఆయన నన్ను మోసం చేయలేదు. నేను అడిగిందే చేశాడు. స్లాబు గట్టిగా ఉండాలని నేనెప్పుడూ అనలేదు, క్యూబు పాసవ్వాలన్నాను. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

ఆ సాయంత్రం బిల్డరు దగ్గరి మేనేజరు నా మాట సాంతం విన్నాడు. "క్యూబులన్ని పాసైనయి. అన్నిట్ల నీ సంతకమే ఉంది. ఇప్పుడు ఏమని రాస్తవు?" అన్నాడు. నేనేమీ రాయలేదు. భయపడ్డాను, అంతే. ఆ రోజు పోసిన క్యూబులు పాసయ్యాక వాటికీ సంతకం పెట్టాను.

గృహప్రవేశానికి మేస్త్రి మిగిలిపోయిన క్యూబొకటి నున్నగా అరగదీసి తెచ్చి అక్కకిచ్చాడు. గాలికి తలుపు కొట్టుకోకుండా ఆమె దాన్ని పడగ్గది గుమ్మం దగ్గర పెట్టుకుంది.

మూడో వానాకాలంలో ఆ గది పైకప్పు పెచ్చు ఊడి మేనకోడలి మంచం మీద పడింది. పిల్ల బడికి పోయింది కాబట్టి బతికింది. ఇక చెప్పేయాలని వెళ్లాను. పైన తుప్పు పట్టిన ఊచలు బయటికి కనబడుతున్నాయి. అక్క పెచ్చులు ఊడుస్తోంది. తలుపు దగ్గర క్యూబు అంచు కూడా చెదరలేదు.

"నువ్వుండబట్టి గింతతోని పోయింది తమ్ముడు," అంది అక్క. "వేరేటోళ్లు చూసుంటే మొత్తం కూలుతుండె."

మంచం ఇంకో కొసన పట్టుకోమన్నాను. ఇద్దరం దాన్ని పక్క గదిలోకి జరిపాం. ఆ గది మీదున్నదీ అదే స్లాబు.