రేడియోలో బిడ్డ కోసం ఉపవాసం

మా బడికి రేడియో వచ్చేనాటికి నాకు పెళ్లయి మూడేళ్లు. మాచవరం దగ్గర పల్లెలో మిషను బడి అది. మా ఆయన హెడ్మాస్టరు, నేను చిన్న తరగతుల టీచరుని. బీరువాలో ఉండే ఆ రేడియో తాళం నా దగ్గరుండేది. పిల్లల పాఠం మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చేది. సెట్టు వేడెక్కాలన్న సాకుతో నేను అరగంట ముందే పెట్టేదాన్ని.

ఆ అరగంట ఆడవాళ్ల కార్యక్రమం. ఇద్దరు మాట్లాడుకునేవారు. పెద్దావిడది కొంచెం బొంగురు గొంతు. చిన్నావిడ ప్రతిదానికీ "అలాగా అక్కయ్యా!" అని ఆశ్చర్యపోయేది. గోంగూర పచ్చడి కొలతలు, పసిబిడ్డల దగ్గుకు చిట్కాలు, శ్రోతల ఉత్తరాలు. చదవబోయే ముందు కాగితం మడత విప్పిన చప్పుడు కూడా వినిపించేది. శుక్రవారాల్లో మాత్రం చివరి పావుగంట ధారావాహిక నాటకం. అత్తింటివాళ్లు వెళ్లగొట్టిన ఒకమ్మాయి, చంకలో జ్వరంతో మగపిల్లాడు. ఆమె ఏ తలుపు తట్టినా నేను బీరువాకి ఇంకాస్త దగ్గరగా జరిగేదాన్ని.

మా పాస్టరు అయ్యగారికి ఆ కథలంటే గిట్టదు. లేని మనుషుల కోసం కన్నీళ్లు కార్చేవాళ్లు, సంస్కారం రోజున రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని ప్రసంగంలోనే చెప్పారు. అది విన్న తర్వాత కూడా నేను తాళం తీస్తూనే ఉన్నాను.

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూటం. నడిపేది మా అత్త. ఎవరి ప్రార్థన మనవి వాళ్లు చెప్పుకోవాలి. నా మనవి మాత్రం నన్ను అడక్కుండానే ఎవరో ఒకరు చెప్పేసేవాళ్లు. ఈ పిల్ల కడుపు పండాలి. ప్రతి వారం అదే. ఒక శుక్రవారం పక్కింటి పిన్ని నవ్వుతూ అన్నది:

"ఏమే అమ్మాయ్, నీ కోసం మా మోకాళ్లు అరిగిపోతున్నయ్. దేవుడికి కూడా విసుగొచ్చిందేమో."

అందరూ నవ్వారు. నాకు చెవులు మండాయి.

"నా కోసం వద్దు పిన్నీ," అన్నాను. "పాపం ఒకమ్మాయి ఉంది. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. బిడ్డకు జ్వరం తగ్గటం లేదు. ఆమె కోసం చెయ్యండి."

"ఏ ఊరే?" అన్నది అత్త.

"వినుకొండ అవతల."

"మన సంఘమేనా?"

"తెలియదు."

"తెలియకపోతే ఏంది, బిడ్డ బిడ్డేగా," అని అత్త మోకరించింది. నన్ను వదిలేశారన్న ఊరటతో నేనూ మోకరించాను.

మరుసటి శుక్రవారం పిన్ని గడపలోనే అడిగింది. "ఆ పిల్లోడికెట్టా ఉంది?" మధ్యాహ్నం విన్నదే చెప్పాను. ఎక్కువైంది, డాక్టరు పెదవి విరిచాడు. ఆ రోజు నుంచి ఆ బిడ్డ కోసం అత్త మధ్యాహ్నం అన్నం మానేసింది. చెబుదామని నోరు తెరిచేదాన్ని, మళ్లీ మూసేదాన్ని. మూడో శుక్రవారానికి ఇంటింటికీ తిరిగి బియ్యం, పాత బట్టలు మూటకట్టింది.

"రేపు బస్సుకు పోదాం. ఎల్లుండి సంస్కారపు ఆదివారం. ఆ బిడ్డని చూడకుండా బల్ల దగ్గరికెట్టా పోను?"

రాత్రంతా నేను కన్ను మూయలేదు. పొద్దున బస్సెక్కాం. నరసరావుపేటలో దిగి వినుకొండ బస్సు దగ్గరికి నడిచాం. అత్త మూట లోపల పెట్టి, మెట్టు మీద కాలు వేసింది.

"అత్తా, ఆవిడ లేదు."

"లేదంటే? చచ్చిపోయిందా?"

"కాదు. అది రేడియోలో నాటకం."

అత్త కాలు కిందికి దించింది. మూట లాక్కుంది. బస్సు పోయింది. అత్త ఆ మూట మీదే కూలబడింది.

"పిల్లోడు?"

"వాడూ నాటకమే."

"అది కాదే. వాడికి తగ్గుద్దా, తగ్గదా?"

"వచ్చే శుక్రవారం తెలుస్తుంది."

"సిగ్గులేని మొహమా!" అని నా భుజం మీద ఒక్కటిచ్చింది. తర్వాత గొంతు తగ్గించి, "మేం చేసే ప్రార్థన నీకంత బరువైందా?" అన్నది.

"అయింది."

"ఆ ముక్క అప్పుడే అనొచ్చుగా. ఇన్ని పూటలు నా కడుపు ఎండబెట్టావ్." లేచి మూట నెత్తికెత్తుకుంది. "రేపు గుళ్లో నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

ఆదివారం బల్లకు ముందు లేచి నిలబడ్డాను. మా ఆయన తల ఎత్తలేదు. మొత్తం చెప్పాను, ఒక్క కారణం తప్ప. అయ్యగారు కోప్పడలేదు. "వచ్చే సంస్కారం దాకా ఆగమ్మా," అన్నారు. రేడియో తాళం మా ఆయనకు ఇచ్చెయ్యమన్నారు. రొట్టె పళ్లెం నా చేతికొచ్చింది. తీసుకోకుండా అత్తకు అందించాను. ఆ పళ్లెం కింద నా వేళ్లు ఎంత చల్లబడ్డాయో ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

ఆ నాటకం ముగింపు నేను వినలేదు. తర్వాత ఎందరినో అడిగాను. బొంగురు గొంతావిడ గుర్తుందంటారు, పచ్చడి గుర్తుందంటారు. ఆ పిల్లాడి సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆ ఆదివారం తర్వాత వచ్చిన శుక్రవారం కూటంలో ఎవరూ నా మొహం చూడలేదు. అత్త మాత్రం అందరికన్నా ముందు నన్నే అడిగింది.

"నీ మనవి నువ్వే చెప్పు. నిజం చెప్పు."

"నా కడుపు సంగతి ఇంకెవరూ ఎత్తకూడదు," అన్నాను.

పిన్ని నోరు తెరవబోయింది. అత్త చెయ్యెత్తి ఆపింది. "విన్నారుగా," అని మోకరించి, నేను చెప్పిన ఆ మాటనే అక్షరం మార్చకుండా ప్రభువుకు చెప్పింది. ముందుగా ఆమేన్ అన్నదీ ఆమే. ఒక్కొక్కరే అన్నారు. చివరికి పిన్ని కూడా అన్నది.