దారిన పోయే చుట్టాలు

రోడ్డు మీద గుంతలు పూడ్చే ముఠాలో జెండా పిన్నికి ఉన్నంత బంధుబలగం రాజులకు కూడా ఉండదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ దారిన పోయే ప్రతివాడూ ఆమెకు ఏదో ఒక వరసే. లారీ తోలేవాడు తమ్ముడు, బస్సు తోలేవాడు బావగారు, మోటారుసైకిలు వాడు అల్లుడు, కారులో బట్టతల కనిపిస్తే పెదనాన్న. ఎడమచేత్తో ఎర్రజెండా పట్టుకుని, కుడిచెయ్యి భుజం ఊడేలా ఊపుతూ, పెద్దమ్మ కులాసానా అని ఆమె నోరారా అడిగేసరికి, ఎవరబ్బా ఈవిడ అనుకుంటూ ఆ పెదనాన్న కాలు దానంతట అదే బ్రేకు మీదకు పోతుంది.

మొదట్లో ఆమె కూడా అందరిలాగే జెండా పట్టుకుని గుంజలా నిలబడేది. ఆమె వెనక పాతిక అడుగుల దూరంలో ఆమె మొగుడు రోడ్డుకు వీపు పెట్టి, గుంతలో పోసిన కంకరను దిమ్మిసతో దంచేవాడు. ఆ దంపుడు చప్పుడులో లోకం మునిగినా అతనికి వినపడదు. ఒకరోజు ఓ లారీ ఆమె జెండాను పూచికపుల్లపాటి ఖాతరు చెయ్యకుండా దూసుకొచ్చి, అతని పక్కనున్న తట్టను ఎగరేసుకుపోయింది. జానెడు ఇటు వచ్చి ఉంటే తట్ట కాదు, మనిషే పోయేవాడు. మొగుడు మాత్రం తిరిగి చూసి, తట్ట ఏదే అని ఆమెనే కసిరాడు. ఆమెకు ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు దూరంగా ఒక కారు కనిపించింది. అందులో ఉన్నది తన అక్క కొడుకే అనుకుని ఆమె రెండు చేతులూ ఊపింది. కారు చీమలా పాకుతూ వచ్చింది. కిటికీలోంచి ముక్కూమొహం తెలియని మనిషి తల బయటపెట్టి, తికమకగా నవ్వి, నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. ఓరి వీళ్ళ దుంపతెగ, జెండా చూపిస్తే ఎవడూ ఆగడు, చుట్టమంటే ఆగుతాడన్నమాట అనుకుంది పిన్ని. అంతే, ఆరోజు నుంచి లోకమంతా ఆమెకు పుట్టిల్లే.

అయితే అతి చేస్తే గతి చెడుతుందని ఊరికే అనలేదు. మొన్న ఒక పెద్దమనిషిని అన్నయ్యా అని పిలిస్తే, ఆయన ఏకంగా రోడ్డు మధ్యలో కారాపి దిగిపోయాడు. వెనకే ఆయన భార్య దిగింది. మీ వైపు చుట్టాన్ని మీరే గుర్తుపట్టకపోతే ఎలాగండీ అని ఆవిడ, మా వైపు కాదు, ముక్కు చూడు, అచ్చం మీ మేనత్త ముక్కే అని ఆయన. పిన్ని ఎటూ చెప్పలేక ఇద్దరికీ తలూపింది. ఆవిడ పిన్ని మోకాళ్ళ నొప్పులు అడిగి, చెయ్యి పట్టుకుని, ఇంటికి రమ్మని ఒట్టు వేయించుకుంది. ఈలోగా వెనక మలుపు దాకా బండ్లు నిలిచిపోయి, హారన్లతో చెవులు గింగుర్లెత్తాయి. ఆ బండ్లలో ఒకటి ఈ రోడ్డు పని చూసే ఇంజనీరుగారిది.

ఆయన దిగి వచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. జెండా నిటారుగా పట్టుకోవాలట, నోరు మెదపకూడదట. కాదంటే రేపట్నుంచి చీపురు పట్టుకోవాలట, జెండా ఇంకొకరికి ఇచ్చేస్తాడట. ముఠా అంతా తలలు దించుకుంది. పిన్నికి మాత్రం కళ్ళముందు ఎగిరిపోయిన తట్టే కనిపించింది.

"సరేనండీ, మీరు చెప్పినట్టే నోరు మూసుకుని నిలబడతాను. ఒక్క పది నిమిషాలు మీరు మా ఆయన చోట నిలబడండి, రోడ్డుకు వీపు పెట్టి."

ఇంజనీరు పంతానికి పోయి, నారింజరంగు కోటు తొడుక్కుని, దిమ్మిస అందుకున్నాడు. పిన్ని పెదవులు బిగించి, కొయ్యబొమ్మలా నిలబడింది. మొదటి కారు రయ్యిమని పోయింది. ఆయన వెనక్కి తిరిగాడు. రెండోదానికీ తిరిగాడు. లారీ గాలికి ఆయన టోపీ ఎగిరిపోయింది. బస్సు చప్పుడు వినగానే దిమ్మిస వదిలేసి, ఒక్క గెంతులో పక్కనున్న మట్టిగుట్ట మీదకెక్కాడు. పది నిమిషాల్లో నాలుగు దెబ్బలు కూడా పడలేదు. తారు కాచే మనిషి నవ్వు ఆపుకోలేక డబ్బా చాటుకు పోయాడు.

ఇంజనీరు చెమట తుడుచుకుంటూ గుట్ట దిగి, పిన్ని మొగుణ్ణి అడిగాడు, రోజంతా ఒక్కసారైనా వెనక్కి చూడకుండా ఎలా చేస్తున్నావయ్యా, భయం లేదా అని.

అతను బుర్ర గోక్కున్నాడు. "ఎందుకండీ భయం? వెనకాల మా ఆవిడ ఉంది కదా."

ఇంజనీరు ఎగిరిపోయిన టోపీ ఏరుకొచ్చి దుమ్ము దులుపుకున్నాడు. తరవాత, పలకరిస్తే పలకరించుకో గానీ ఎవరినీ కారు దిగనివ్వకు అన్నాడు. ఆ మాట పిన్ని చెవికి సరిగ్గా ఎక్కనే లేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో కూరలో ఉప్పు సరిపోయిందని కూడా చెప్పని మనిషి, తన ప్రాణం ఆమె చేతిలో పెట్టి ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాడని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

అంతలో ఇంకో బస్సు. బావగారూ అనబోతే మాటకు బదులు నవ్వే వచ్చింది. ఉన్న రెండు చేతులూ, జెండా, ఒళ్ళూ అన్నీ కలిపి ఊపింది. డ్రైవరు నోరు తెరిచి చూస్తూ బస్సును నత్తలా నడిపించుకుపోయాడు. వెనకాల ఆమె మొగుడు తలెత్తకుండా దంచుతూనే ఉన్నాడు.