ఏటివైపు గుమ్మం

పక్కింటి తవ్వకాలమ్మ వీధి మీద అలిగి, వీధి గుమ్మానికి ఇటుకలు పెట్టించిందని అంటున్నారు. శుద్ధ అబద్ధం. అలిగిన మనిషి పొద్దున్నే గోడ మీంచి తల పెట్టి "పెద్దమ్మా, అగ్గిపెట్టె ఉందా?" అని అడుగుతుందా? ఊరి చివర దిబ్బలో తవ్వకాల పని ఆమెది. ఎప్పుడో మొట్టమొదట సేద్యం చేసుకుని బతికినవాళ్ళ ఇళ్ళు అక్కడ బయటపడుతున్నాయి. రోజంతా గొంతుక్కూర్చుని కుంచెతో ఆ మట్టినేలలు తుడుస్తుంది. ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకోదు, అన్నం తింటూ ఎడంచేత్తో గడప మీద దుమ్ము తుడుస్తూనే ఉంటుంది. పోయిన వరదకి ఆమె మొగుడు పడవతో సహా కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. ఆమె ఏడవగా నేనైతే చూడలేదు, నా కన్నుగప్పి ఈ వీధిలో ఎవరూ ఏడవలేరు.

ఆ దిబ్బలో ఇళ్ళన్నీ ఏటిగాలికి వీపుపెట్టి, ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉన్నాయట. ఒక్క ఇంటి గుమ్మం మాత్రం ఏటివైపు ఉందట. అది బయటపడిన మర్నాడే మేస్త్రీని పిలిచి వీధి గుమ్మం మూయించింది, వెనకగోడ కొట్టించి ఏటివైపు తలుపు పెట్టించింది. ఇప్పుడు గాలికి పొయ్యి నిలవదు, జల్లుకి పక్క తడుస్తుంది.

నిన్న అగ్గిపెట్టె ఇస్తూ అడిగేశాను. "గాలికి వీపుపెట్టి కట్టుకోవాలని ఆ కాలం వాళ్ళకే తెలిసిందే, నీకేం వచ్చిందే?"

"ఆ ఒక్కరూ అటెందుకు పెట్టుకున్నారో మా ఆఫీసరుకి అంతుపట్టలేదు పెద్దమ్మా. వాళ్ళింట్లోనూ ఎవరో ఏటికెళ్ళి తిరిగి రాలేదు."