తారు గోతాల బాట

హైవే మీద ఎక్కడ తారు కాగుతున్నా నేను ముందు చూసుకునేది నా అరికాళ్ళనే. వయసు పెరిగింది, చెప్పుల ఖరీదూ పెరిగింది, ఈ అలవాటు మాత్రం చిన్నప్పటి దగ్గరే దిగబడిపోయింది.

నందిగామలో మా సందంతా నల్లరేగడి. తొంభైల్లో ఆషాఢం జల్లు పడిందంటే చెప్పు ఒకచోట, కాలు ఒకచోట, మనిషి ఇంకోచోట. అప్పుడు తాతయ్య అటక మీంచి పాత మిరపకాయల గోతాలు దించి, కాగిన తారులో ముంచి, ఆరబెట్టి, గుమ్మం నుంచి సందు చివరిదాకా ఒకదాని అంచు మీద ఒకటి పరిచేవాడు. తారు వాసన, మిరప ఘాటు, నాయనమ్మ వేయించే వడియాల కమ్మదనం కలిసి ఇల్లంతా తుమ్ములు. అరికాళ్ళకంటిన తారు కిరసనాయిలుతో రుద్దితే గానీ పోయేది కాదు. నేను బడికి వెళ్తుంటే పెట్రోలు బంకు నడిచొస్తున్నట్టుండేది.

ఈ విద్య ఆయన పటాలంలో ఉండగా బర్మాలో నేర్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, బ్రిటిషువాళ్ళ కింద మన పటాలాలు జపానువాళ్ళను వెనక్కి నెడుతున్నప్పుడు, వానల్లో లారీలు దిగబడకుండా ఇలాగే తారు గోతాల రోడ్డు వేశారట. మా సోషల్ పుస్తకంలో మాత్రం అమెరికా దిగింది, బాంబు వేసింది, యుద్ధం ముగిసింది.

"మేమూ ఉన్నామని ఒక్క ముక్క రాయవే," అన్నాడు తాతయ్య పరీక్ష ముందు. ఆయన నన్నేదైనా అడగడం అదే మొదలు. రాశాను, గోతాలతో సహా. మాస్టారు ఆ వాక్యాలన్నీ ఎర్రసిరాతో కొట్టేసి, సిలబస్‌లో లేనివి రాయొద్దని, దిద్దడానికి తనకూ ఓపికుండాలని నీరసంగా చెప్పారు.

తాతయ్య ఆ పేపరు చాలాసేపు చూశాడు.

"దేశంగాని దేశంలో వేసిన రోడ్డు గొడవ ఇప్పుడెందుకండీ? పాలబ్బాయి బురదలో నిలబడిపోయాడు, ముందు ఈ సందు సంగతి చూడండి," అంది నాయనమ్మ.

"నిజమేలే. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన్నాడే మాకు చెప్పుకునే ఓపిక లేదు," అంటూ పేపరు మడిచి నా చేతికిచ్చాడు. వానలోకి వెళ్ళి చివరి గోతం పరిచి, కాలితో తొక్కి చూసి, నన్ను పిలిచాడు.

"నడువమ్మా. సిలబస్‌లో లేదు గానీ, దిగబడదు."

ఇప్పుడా సందుకి జగ్గయ్యపేట సిమెంటు పడింది. రోడ్డు ఎత్తు పెరిగి వాననీళ్ళు నేరుగా ఇంట్లోకే వస్తున్నాయి. మిరపకాయలు ప్లాస్టిక్ సంచుల్లోకి మారాయి, కిరసనాయిలు కంటికి కనబడదు, తాతయ్య లేడు. మొన్న మా అబ్బాయి సోషల్ పుస్తకం తిరగేశాను. అందులోనూ యుద్ధం అమెరికాయే ముగించింది. పుస్తకం మూసి, అలవాటుగా అరికాళ్ళు చూసుకున్నాను.

శుభ్రంగా ఉన్నాయి.