కారం లేని ఎరుపు

ఎర్రబట్ట కనిపిస్తే నాకిప్పటికీ మా వదిన గుర్తొస్తుంది. ప్రకటనలు రాసే ఉద్యోగంలో ఇక అబద్ధాలు చెప్పలేనంటూ హైదరాబాద్ వదిలి వచ్చి, చిలకలూరిపేటలో మొక్కల రంగులతో నూలుబట్టల అద్దకం మొదలుపెట్టింది. అమ్మకాలు నేను చూసేవాణ్ణి.

"ఇది మన మిరపకాయ రంగేనా? పిల్లలకు తొడిగితే మండదూ?" అని మావైపు వాళ్లు అడిగేవారు. వదిన బట్ట అంచును నాలుకకు తాకించి, "కారం లేదండి. ఇది చిరివేరు అనే మొక్క వేళ్ల నుంచి తీసిన రంగు" అని నవ్వేది.

తాడేపల్లి చేనేత ప్రదర్శనలో ఆమె రాకముందే నేను "గుంటూరు మిరప ఎరుపు" అని బోర్డు పెట్టాను. జనం ఎగబడ్డారు. సాయంత్రం వదిన వచ్చేసరికి ఒకావిడ చీర పట్టుకుని, "నిజంగా మిరపకాయలతోనే అద్దారా అమ్మా?" అని అడిగింది. వదిన చీర అంచును నోటిదాకా తీసుకెళ్లింది. నేను బతిమాలుతున్నట్టు చూశాను. అంతమందిలో నన్ను అబద్ధాలకోరుగా నిలబెట్టలేకపోయింది.

"అవునండి" అంది.

ఆ తర్వాత ఆమె ఏ బట్టనూ నాలుకకు తాకించలేదు. నెల తిరక్కుండా పాత ఉద్యోగానికి బయల్దేరింది. బోర్డు తీసేస్తాను, వెళ్లొద్దని బస్సు దగ్గర ఎంతో చెప్పాను. వదిన నా భుజం తట్టింది.

"అబద్ధం ఎలాగూ చెప్పేశాను కదా అబ్బాయ్. అక్కడైతే దానికి జీతమిస్తారు."