వెర్నర్ హాకలా బ్యాటరీ చట్టం

వెర్నర్ హాకలాకి ఉన్నది ఒకే ఒక్క దురలవాటు. ఎదుటివాడి తుపాకీ మీద గురి చూసే స్కోపులో బ్యాటరీ ఉందని తెలిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. మూత విప్పుతాడు, చొక్కాగుండీ అంత బ్యాటరీని లాగుతాడు, జేబులో వేసుకుంటాడు. అడిగితే, "చట్టం ఒప్పుకోదు" అంటాడు.

చట్టం ఒప్పుకుంటుంది. ఆ ముక్క ఆయనకి ఏటా నవంబరులో చెప్పే ఉద్యోగం లొరైన్ బెర్టూచీది. మిషిగన్ ఎగువ ద్వీపకల్పంలో ఆ జిల్లాకి ఆమె వేట వార్డెన్. అడవిలో లైసెన్సు లేనివాళ్ళని పట్టుకోవడం ఆమెకి కష్టం కాదు. డెబ్భై రెండేళ్ళ వెర్నర్ని ఒప్పించడమే కష్టం.

"పెద్దాయనా, జింక మీద దీపం వేసి కాలిస్తే నేరం. స్కోపులో వెలిగే ఎర్రగీతల గురి గొట్టం దాటి బయటికి రాదు. కన్ను ఆనించినవాడికే కనిపిస్తుంది. అందులో నేరం లేదు."

"వెలుగుతుందా లేదా?"

"వెలుగుతుంది."

"అయితే దీపమే. చట్టం ఒప్పుకోదు."

"ఆ చట్టం నా దగ్గరే ఉంది కదండీ!"

"నీ దగ్గరున్నది తప్పు ప్రతి అయ్యుంటుంది అమ్మాయ్."

అలా పోగుచేసిన బ్యాటరీలని ఆయన హెర్రింగ్ చేపల ఊరగాయ సీసాలో దాచి, సీజను అయిపోగానే చర్చి విందుకి తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. జనం వరసకట్టి ఎవరిది వాళ్ళు ఏరుకునేవాళ్ళు. బ్యాటరీ పెట్టుకున్న స్కోపులు ఆ చలికాలమంతా చేపల వాసన కొట్టేవి. ఆ వాసనకి జింకలు ఆమడ దూరంలోనే మళ్ళిపోతున్నాయనీ, ఊళ్ళో పిల్లులు మాత్రం తుపాకులు వదలటం లేదనీ చెప్పుకునేవారు. ఓసారి పాస్టరు గారి భార్య ఒంటి బరువు చూసుకునే యంత్రం ఆగిపోయింది. అందులో అంకెలు ఎర్రగా వెలుగుతాయట. ఆవిడ మాత్రం వెర్నర్ మీద ఫిర్యాదు ఇవ్వలేదు. పైగా ఆ ఏడాదంతా సంతోషంగా ఉంది.

ఈ పిచ్చి ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. వేట క్యాంపు మిత్రుడు నార్మ్ పోయిన మరుసటి ఏడాది మొదలైంది.

నార్మ్‌ని చంపింది అతని బావమరిది క్లైడ్ ట్రెవారో. పొద్దు గూకాక దేవదారు చిత్తడిలో నార్మ్ తను కొట్టిన జింకని ఈడ్చుకొస్తున్నాడు. బరువుకి చెమట పట్టి, మనిషని దూరానికే తెలిసేలా వేటగాళ్ళు వేసుకునే నారింజరంగు కోటు విప్పి కొమ్మకి తగిలించాడు. అవతలి గట్టు మీద క్లైడ్ స్కోపులో ఎర్రగీతలు చక్కగా వెలుగుతున్నాయి. గీతల మధ్య జింక వీపు కదిలింది. ఆ కదలికకి కారణం నార్మ్. శవం పక్కన మంచులో మోకాళ్ళ మీద కూర్చుని లెక్క చూసింది లొరైనే. గురి చట్టబద్ధం. సూర్యాస్తమయం తరవాత వేటకిచ్చిన అరగంట ఇంకా మించలేదు, వేళా చట్టబద్ధమే. తూటా కూడా చట్టబద్ధం. చచ్చిన మనిషి మాత్రం నార్మ్.

చూడకుండా కాల్చినందుకు కోర్టు క్లైడ్ వేట లైసెన్సు కొన్నేళ్ళు తీసేసింది. కాలమే గాయాన్ని మాన్పుతుందని చర్చిలో అన్నారు, కాలానికి వేరే పనేమీ లేనట్టు. క్లైడ్ చెల్లెలు ఐలీన్, అంటే నార్మ్ భార్య, అలాంటి మాటలు పెట్టుకోలేదు. భర్తని మట్టిలో పెట్టిన రోజే వెర్నర్‌నీ లొరైన్‌నీ పక్కకి పిలిచి ఒక్క ముక్క చెప్పింది: "ఒకణ్ణి పోగొట్టుకున్నాను. అన్నయ్య చూపు నాకు నచ్చటం లేదు. నవంబరు వస్తే వాణ్ణి ఒంటరిగా వదలకండి."

అందుకని క్లైడ్‌ని ఏటా వేట క్యాంపుకి వంటవాడిగా తీసుకుపోయేవారు. అతను మాంసం, దుంపలు కూరి పాస్టీలు కాల్చేవాడు, గిన్నెలు తోమేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఈ ఏడు లైసెన్సు తిరిగొచ్చింది. క్యాంపుకి వస్తూ తండ్రి నాటి తుపాకీ కూడా తెచ్చాడు. దాన్ని అందరి తుపాకుల పక్కనే గోడకి నిలబెట్టి, ఎప్పటిలాగే పొయ్యి దగ్గరికి పోయాడు. లొరైన్‌కి ఆ కబురు తెలిసినప్పటినుంచి అన్నం సయించలేదు. లైసెన్సు కాగితం మీద సంతకం చేసిన చెయ్యి ఆమెదే. ఆపడానికి చట్టంలో దారి లేదు.

సీజను మొదలయ్యే ముందు రోజు మధ్యాహ్నం ఆ క్యాంపు నుంచే ఫోను. దొంగతనం.

ఆమె వెళ్ళేసరికి వాకిట్లో ప్రెస్కాట్ అనే పళ్ళడాక్టరు గంతులేస్తున్నాడు. డెట్రాయిట్ వైపు మనిషి, వెర్నర్ సంగతి తెలియని కొత్త అతిథి.

"వార్డెన్ గారూ, నేను ఆవిరిగదిలో, అదే మీ సౌనాలో, చెమట పట్టించుకుంటుంటే ఆ ముసలాయన తువ్వాలు కట్టుకుని బయటికొచ్చి నా స్కోపు విప్పాడు! మంచులో! చెప్పుల్లేకుండా!"

"చెప్పులు లేకపోతే ఇక్కడ నేరం కాదు."

"బ్యాటరీ అండీ, బ్యాటరీ! అసలు ఆయనకి తెలుసా అది ఎందుకో? మసక చీకట్లో నల్లటి గీతలు జింక ఒంటి మీద పడితే కనపడవు. గురి వెలిగితే తూటా ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. జంతువు గాయంతో రాత్రంతా దేకదు. అది దయ కాదూ?"

"దయే," అంది లొరైన్. ఆ మాటలో అబద్ధం లేదు.

సౌనా తలుపు తెరుచుకుంది. ఆవిరి మేఘంలోంచి, ఉడికిన ఎండ్రకాయలా, వెర్నర్ బయటికొచ్చాడు. తువ్వాలు మీదే పాత ఉన్ని కోటు వేసుకున్నాడు.

"నీకు గురి కనపడుతుంది డాక్టరూ. గురి వెనకాల ఏముందో కనపడుతుందా?"

వంటగది కిటికీలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. వెర్నర్ తన నోటిని తనే తిట్టుకున్నట్టు మొహం పెట్టి, గభాలున గొంతు పెంచాడు.

"అయినా చట్టం ఒప్పుకోదు! తెచ్చుకో నీ లాయర్ని! కావాలంటే పళ్ళు పీకే పటకారు కూడా తెచ్చుకో!"

అందరూ నవ్వారు. ప్రెస్కాట్ మొహం కందగడ్డ అయింది. లోపలికి నడిచి సాక్షులని కూడగట్టడం మొదలుపెట్టాడు. నీదీ పోయిందా, నీదీ పోయిందా అని ఒక్కొక్కరినీ అడిగాడు. అందరివీ పోయాయి, ఎవరికీ పట్టింపు లేదు. చివరికి పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"ఏమయ్యా వంటాయనా, నీ బ్యాటరీ?"

క్లైడ్ పిండి అంటిన చేతులు దులుపుకున్నాడు. లొరైన్ కేసి చూడలేదు.

"నాదీ పోయింది. పొద్దున్నే పట్టుకుపోయాడు."

"చూశారా!" అన్నాడు ప్రెస్కాట్.

లొరైన్ గోడ దగ్గరికి వెళ్ళి క్లైడ్ తుపాకీ చేతిలోకి తీసుకుంది. స్కోపు అతని తండ్రి కాలంనాటిది. రెండు అద్దాలు, మధ్య గొట్టం, లోపల వెంట్రుకల్లాంటి నల్లగీతలు. బ్యాటరీ పెట్టే చోటే లేదు. బ్యాటరీలు లేని స్కోపులోంచి వెర్నర్ ఏం పీకాడు?

తుపాకీని పక్కకి తిప్పింది. బోల్టు ఉండాల్సిన చోట ఖాళీ. కాడ లాగి తూటాని లోపలికి తోసే ఆ ఇనుపకడ్డీ లేకపోతే ఎంత మంచి తుపాకీ అయినా చేతికర్రతో సమానం. పట్టుకున్నవాడి మీదా పేలదు, ఎవరిమీదా పేలదు.

ఆమె తల తిప్పి, వెనకాలే లోపలికొచ్చిన వెర్నర్ కోటు చూసింది. ఎడమ జేబులో బ్యాటరీలు గలగలమంటున్నాయి. లోపలి జేబు మాత్రం ఆ చిన్న బ్యాటరీల బరువు కాదని తెలిసేంత కిందికి వేలాడుతోంది.

"హాకలా గారూ, ఒక్కసారి బయటికి రండి."

"జలుబు చేస్తుంది అమ్మాయ్."

"రండి."

వసారాలో కట్టెలదొంతి చాటున ఆయన లోపలి జేబులోంచి ఉన్ని మేజోడు తీశాడు. మేజోట్లో బోల్టు ఉంది.

"ఎప్పట్నుంచి?" అంది.

"వాడి కోర్టు పని అయినప్పట్నుంచి. తండ్రి తుపాకీ ఇంట్లోనే ఉండేదిగా. నవంబరు చీకట్లు మొదలైతే టార్చిలైటుకి బ్యాటరీ కావాలనో, గడియారానికి కావాలనో వాడింటికి పోయేవాణ్ణి. తుపాకీలో ఈ బోల్టు ఉంటే పట్టుకొచ్చేవాణ్ణి. ఎండలు ముదిరాక, వాడు తోటపనిలో పడ్డాక పెట్టేసేవాణ్ణి."

"మరి ఊరందరి బ్యాటరీలు ఎందుకు పీకారు?"

వెర్నర్ ఆమెని బడిపిల్లని చూసినట్టు చూశాడు.

"ఒక్కడి తుపాకీ చుట్టూ తచ్చాడితే ఊరంతా వాడి వంక చూస్తుంది. పాపం, ఏం చేసుకుంటాడో అని గుసగుసలు పోతుంది. ఆ చూపులతోనే సగం చస్తాడు. అందరి తుపాకులూ కెలికాననుకో, నా వంక చూస్తారు. నన్ను చూసి నవ్వితే నాకేం పోయింది? ఈ ముక్కు చూశావా, దీన్ని చూసి జనం నవ్వడం పుట్టినప్పటినుంచీ అలవాటే."

"అయితే చట్టం?"

"అది నువ్వు చెప్పిన మొదటిసారే అర్థమైందమ్మా. నువ్వు చెప్పే పద్ధతి బావుందని ఏటా చెప్పించుకున్నాను."

ఆయన తువ్వాలు గాలికి లేవబోతుండటం చూసి లొరైన్ తలుపు వైపు చెయ్యి చూపించింది. "ముందు లోపలికి పదండి. మిమ్మల్ని ఈ వేషంలో అరెస్టు చేస్తే ఉద్యోగం పోయేది నాకు."

లోపల ప్రెస్కాట్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లొరైన్ అతని బ్యాటరీ అతని చేతిలో పెట్టింది.

"ఇదిగో మీ సొత్తు. చేపల సీసాలో పడకముందే దొరికింది, అదృష్టవంతులు."

"అంతేనా? ఆయనకి శిక్ష?"

"విచారణలో ఉంది. ఈ బ్యాటరీ చట్టం నేనూ ఇంకోసారి చదువుకోవాలి. హాకలా గారి వాదనలో పస ఉన్నట్టు కనిపిస్తోంది."

క్యాంపు యావత్తూ నోళ్ళు తెరిచింది. అన్నేళ్ళ యుద్ధంలో వార్డెన్ ఒక్క అడుగు వెనక్కి వేయడం అదే మొదలు.

క్లైడ్ పొయ్యిలోంచి పళ్ళెం తీశాడు. అన్నింట్లోకీ పెద్ద పాస్టీ ఏరి వెర్నర్ ముందు పెట్టాడు.

"తినవయ్యా దొంగా."

"ఉప్పు వేశావా ఈసారైనా?"

"వేశాను." క్లైడ్ కాసేపు బల్ల అంచు తుడుస్తూ నిలబడ్డాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. "ఇదిగో, నా బ్యాటరీ... పొద్దున తుపాకీ చూసుకుంటే లేదు. ఒక్క నిమిషం కోపం వచ్చింది. తరవాత, పోవడమే మంచిదైందనిపించింది. తరవాత కూర్చుని పిండి పిసికాను." చుట్టూ ఉన్నవాళ్ళకి ఆ మాటలు అర్థం కాలేదు. ఇద్దరికి అయ్యాయి. "దాన్ని నీ దగ్గరే ఉంచు. మంచు కరిగాక నేనే వచ్చి అడుగుతాను."

"అడిగినా ఇవ్వను."

"ఇవ్వకు. ఐలీన్‌ని వెంటబెట్టుకుని వచ్చి అడిగితే ఇవ్వు. రేపు నీతో వచ్చి కూర్చుంటాను, తుపాకీ లేకుండా. నీకు చెవులు వినపడవు, నాకు వినపడతాయి."

"తుపాకీ లేకుండా వేటకా? జింకలు నవ్విపోతాయిరా."

"నవ్వనీ. నిన్ను చూసి ఇన్నేళ్ళూ నవ్వుతూనే ఉన్నాయిగా."

వెర్నర్ పాస్టీ కొరికాడు. నమిలాడు. మొహం చిట్లించాడు. ఉప్పు రెండుసార్లు పడింది. ఆ మాట అనకుండా మింగేసి, ప్రెస్కాట్ కేసి తిరిగి వేలు చూపించాడు.

"చూశావా డాక్టరూ? నిఖార్సయిన మనిషి. అడక్కుండానే బ్యాటరీ అప్పజెప్పాడు. ఎందుకో తెలుసా? చట్టం ఒప్పుకోదు."

ప్రెస్కాట్ న్యాయం కోసం వార్డెన్ వైపు చూశాడు.

"ఒప్పుకోదు," అంది లొరైన్, నోటినిండా పాస్టీతో.